సరస్సు మంచు – సముద్రపు వాన
(మన జిల్లాల శీతోష్ణస్థితిపై ఒక పరిశీలన)

మన తెలుగులో మంచు అనే మాట ఒక్కటే. తెల్లవారుజామున శనగచేను మీద నిలిచే బిందువులూ మంచే. జనవరి నెలలో మార్టూరు దగ్గర రోడ్డు మీద లారీలను ఆపేసే తెల్లని పొగా మంచే. హిమాలయాల మీద కురిసేదీ మంచే. సోడా బండివాడు గోనెసంచిలో చుట్టి పెట్టుకునే గడ్డ కూడా మంచుగడ్డే. ఇంగ్లీషువాడికి ఈ నాలుగింటికీ నాలుగు వేరువేరు మాటలున్నాయి. వాన దగ్గరకు వచ్చేసరికి మాత్రం మన దగ్గర మాటలకు కరువు లేదు. చినుకు, తుంపర, జల్లు, ముసురు, జడివాన, గాలివాన, కుంభవృష్టి – ఏది ఎప్పుడు అనాలో పల్లెటూరి పిల్లవాడికి కూడా తెలుసు. ఏ దేశపు ఆకాశం ఎలా ఉంటే ఆ దేశపు భాష అలా ఉంటుంది కాబోలు.

ఆకాశం నుంచి ఏమీ కురవని మంచు మనది, నడుముల లోతు కురిసే మంచు వాళ్ళది. అయినా ఆ మంచు కురవడానికీ, మనకు కార్తీకమాసంలో వాన కురవడానికీ మూలసూత్రం చాలావరకు ఒకటే అని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇది పరీక్షలకు పనికివచ్చే విషయం కాకపోవచ్చును గాని, పత్తి, మిరప వేసుకునే ఇంటి నుంచి వచ్చిన వాళ్ళకు పనికివస్తుంది.

ముందు ఆ మంచు సంగతి చూద్దాం. అమెరికా ఉత్తర సరిహద్దులో అయిదు మహాసరస్సులున్నాయి. అందులో ఈరీ సరస్సు ఒకటి. పొడవు సుమారు 388 కిలోమీటర్లు, వైశాల్యం దాదాపు 25,700 చదరపు కిలోమీటర్లు. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాలు రెండూ కలిపితే 29,000 చదరపు కిలోమీటర్లు కనుక, మన రెండు జిల్లాలనూ కొంచెం గట్లు తగ్గించి నీళ్ళతో నింపితే ఈరీ సరస్సు అవుతుందన్నమాట. దాని తూర్పు కొసన న్యూయార్కు రాష్ట్రంలో ఈరీ కౌంటీ, దానిలో బఫెలో నగరం ఉన్నాయి. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. బఫెలోలో ఒక చలికాలంలో సగటున 240 సెంటీమీటర్ల మంచు కురుస్తుంది.

అంత మంచు చలి వల్లనే కురుస్తుందనుకుంటే పొరపాటు. ఆ సరస్సుకు అవతల, పడమటి దిక్కున, అంతకన్నా చలి ఎక్కువ ఉన్న ఊళ్ళు ఎన్నో ఉన్నాయి; అక్కడ ఇంత మంచు లేదు. అసలు కారణం సరస్సు వెచ్చగా ఉండటం. నీరు త్వరగా వేడెక్కదు, త్వరగా చల్లారదు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక కేలరీ కావాలి, ఎండిన మట్టికి అందులో అయిదో వంతు చాలు. అందుచేత నవంబరు వచ్చి నేల గడ్డకట్టే వేళకు కూడా సరస్సు నీళ్ళలో ఎండాకాలపు వేడి మిగిలే ఉంటుంది. కెనడా వైపు నుంచి వచ్చే పొడిగాలి, అతి చల్లని గాలి, ఆ నీటి మీదుగా వంద కిలోమీటర్లో రెండు వందల కిలోమీటర్లో ప్రయాణం చేస్తుంది. కింద నుంచి వేడి, తేమ రెండూ ఎక్కుతాయి. వెచ్చబడిన గాలి తేలిక కనుక పైకి లేస్తుంది, పైన చల్లారి మేఘమవుతుంది, అవతలి గట్టు చేరగానే మోసుకువచ్చిందంతా దింపేస్తుంది.

దీనికి వాతావరణ శాస్త్రజ్ఞులు ఒక లెక్క పెట్టుకున్నారు. సరస్సు నీటికీ, ఒకటిన్నర కిలోమీటరు ఎత్తున ఉన్న గాలికీ మధ్య కనీసం 13 డిగ్రీల సెంటీగ్రేడు తేడా ఉండాలి. ఈ పదమూడు ఎక్కడి నుంచి వచ్చిందో మన ఫిజిక్సుతోనే తేల్చవచ్చు. పైకి లేచే పొడిగాలి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల చొప్పున చల్లారుతుంది. ఒకటిన్నర కిలోమీటరుకు సుమారు 15. చుట్టూ ఉన్న గాలి కూడా దాదాపు అంత చల్లగా ఉంటేనే, లేచిన గాలిని ఆపేది లేక అది ఇంకా పైకి పోతుంది.

మా పెదనాన్నగారి అబ్బాయి చదువు కోసం వెళ్ళి అక్కడే దక్షిణ శివారులో ఉంటున్నాడు. 2022 నవంబరులో వీడియో కాల్ చేసి తలుపు తీసి చూపించాడు. తలుపు అవతల తెల్లటి గోడ. మా నాయన ఫోను దగ్గరకు పెట్టుకుని చూసి, "ఏరా అబ్బాయ్, ఇదంతా కరిగితే వరద రాదా?" అని అడిగాడు. "అంత నీళ్ళుండవు బాబాయ్, దూది లాంటిది" అన్నాడు అన్నయ్య.

ఆ నాలుగు రోజుల్లో బఫెలో దక్షిణ శివార్లలో 80 అంగుళాలు, అంటే రెండు మీటర్ల మంచు పడింది. అదే నగరపు విమానాశ్రయం దగ్గర అందులో సగం కూడా లేదు. 2014 నవంబరులో తేడా ఇంకా విచిత్రం. దక్షిణపు శివార్లలో అయిదడుగులు దాటితే, కొద్ది మైళ్ళ ఉత్తరాన కొన్ని అంగుళాలు. గాలి సరస్సు పొడవునా నిలువుగా వీస్తే మంచు మేఘం సన్నని పట్టీలాగా తయారవుతుంది. ఆ పట్టీ ఎవరి ఇంటి మీద ఆగితే వాళ్ళది అదృష్టం. మన దగ్గర కూడా "ఆ చేలో కురిసింది, ఈ చేలో కురవలేదు" అనుకోవడం మామూలే కదా.

దూది అన్నమాట నిజమే. సాధారణంగా పది సెంటీమీటర్ల మంచు కరిగితే ఒక సెంటీమీటరు నీరవుతుంది. సరస్సు మంచు ఇంకా గుల్లగా ఉంటుంది. ఆ రెండు మీటర్లూ కరిగితే ఇరవై సెంటీమీటర్లు, బహుశా అంతకన్నా తక్కువ. ఇరవై సెంటీమీటర్ల వాన ఒక తుఫానుకు మన తీరంలో ఒక్క రోజులో పడటం కొత్త సంగతి కాదు. ఒక ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన పడితే నలభై వేల లీటర్లు. ఇరవై సెంటీమీటర్లయితే ఎనిమిది లక్షల లీటర్లు. వాళ్ళకు అది గోడలా నిలబడి నెమ్మదిగా కరుగుతుంది, మనకు ఒక్కసారిగా చేలో నిలుస్తుంది. మా నాయన ప్రశ్న వరద గురించి కదా – వరద భయం మనకే ఎక్కువ.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మా తాత గుంటూరు జిల్లాలో పుట్టాడు. 1970లో కొత్త జిల్లా ఏర్పడి, 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టాక మా నాయన అందులో పుట్టాడు. 2022 ఏప్రిల్ 4 నుంచి మాది బాపట్ల జిల్లా. పర్చూరు పక్కన అదే ఊరు, అదే ఇల్లు, అదే నల్లరేగడి. కాబట్టి జిల్లా సరిహద్దులను పట్టుకుని శీతోష్ణస్థితి చెప్పడం కష్టం. పాత లెక్కలే వాడుతున్నాను.

పాత గుంటూరు, ప్రకాశం జిల్లాలు రెండింటిలోనూ సాలుకు సగటు వర్షపాతం 850 మిల్లీమీటర్లకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. మొత్తం చూస్తే ఇద్దరూ సమానం. విడగొట్టి చూస్తే మాత్రం గుంటూరులో నైఋతి ఋతుపవనాల వాటా 500 పైన, ఈశాన్య ఋతుపవనాలది 230 దాకా. ప్రకాశంలో రెండూ దాదాపు సమానం, చెరొక 390. నెల్లూరు దాటితే ఈశాన్యానిదే పైచేయి. అంటే మనం రెండు ఋతుపవనాల సరిహద్దు మీద కాపురం పెట్టామన్నమాట. నైఋతి గాలి పడమటి కనుమల దగ్గరే సగం ఖాళీ అయి వస్తుంది. ఈశాన్య గాలి దక్షిణానికి పోయేకొద్దీ బలపడుతుంది. ఇద్దరు బంధువుల ఇళ్ళ మధ్య ఉన్నవాడికి ఇద్దరూ భోజనం పెడతారనుకుని ఒక్కోసారి ఎవరూ పెట్టనట్టు, కొన్ని సంవత్సరాలు మనకు రెండూ తప్పిపోతాయి.

ఈశాన్య ఋతుపవనమంటే ఏమిటి? అక్టోబరు నాటికి ఆసియా ఖండపు నేల చల్లారుతుంది. అక్కడ పీడనం పెరిగి గాలి దక్షిణానికి బయలుదేరుతుంది. బయలుదేరేటప్పుడు అది పొడిగాలే. దారిలో బంగాళాఖాతం ఉంది. ఆ రోజుల్లో సముద్రపు పైనీరు 28 డిగ్రీల దాకా వెచ్చగా ఉంటుంది. గాలి దాని మీదుగా వచ్చి తేమ ఎత్తుకుని పడమటి గట్టున, అంటే మన తీరాన, దింపుతుంది. చల్లారిన నేల, వెచ్చని నీరు, మధ్యలో పొడిగాలి, అవతలి గట్టు – ఈరీ సరస్సు కథే. పాత్రల పేర్లు మారాయి, సరస్సు సముద్రమయింది, మంచు వాన అయింది.

పోలిక ఎంతవరకు నిలుస్తుందో కూడా చెప్పాలి. మన వాన అంతా గాలి తిన్నగా వచ్చి దింపేది కాదు. ఎక్కువ భాగం అల్పపీడనాలు, వాయుగుండాలు, తుఫానుల రూపంలో వస్తుంది. సముద్రం 26.5 డిగ్రీలు దాటి వెచ్చగా ఉంటేనే తుఫాను పుట్టగలదు. ఒక గ్రాము ఆవిరి నీరయ్యేటప్పుడు విడుదలయ్యే దాదాపు 580 కేలరీల గుప్తోష్ణమే దానికి ఇంధనం. చల్లని సరస్సులో ఆ శక్తి లేదు. తీరపు వంపు కూడా మన ప్రత్యేకత. గోదావరి నుంచి కృష్ణ దాకా తీరం ఈశాన్యం నుంచి నైఋతికి పోతుంది, కాబట్టి ఈశాన్య గాలి దాని పక్కనుంచి రాసుకుంటూ పోతుంది. నిజాంపట్నం దగ్గర తీరం వంపు తిరిగి దక్షిణానికి దిగుతుంది. అక్కడి నుంచి చీరాల, ఒంగోలు తీరాలకు ఆ గాలి ఎదురుగా తగులుతుంది.

ఆ వంపులో సముద్రం లోతు తక్కువ. 1977 నవంబరు 19 నాటి తుఫాను ఈ ప్రాంతంలోనే తీరం దాటింది. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారపు ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుతుంది కనుక, తుఫాను నడిచే దారికి కుడిచేతి వైపు గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది, ఎడమచేతి వైపు నేల మీది నుంచి సముద్రంలోకి తోస్తుంది. కుడిచేతి వైపున దివిసీమ ఉంది. సుమారు అయిదు మీటర్ల ఉప్పెన వచ్చి, అధికారిక లెక్క ప్రకారమే దాదాపు పదివేల మంది చనిపోయారు. మా తాత ఆ రోజు గురించి ఎక్కువ మాట్లాడడు. "ఆ గాలికి చింతచెట్టు వేళ్ళతో లేచింది" అంటాడు, అంతే. తరువాత 1990 మే తుఫాను, 2010 మేలో బాపట్ల దగ్గర తీరం దాటిన లైలా, 2023 డిసెంబరు 5న మళ్ళీ బాపట్ల దగ్గరే తీరం దాటిన మిచౌంగ్. హెచ్చరికలు మెరుగుపడి ప్రాణనష్టం బాగా తగ్గింది. మచిలీపట్నంలో రాడారు ఉంది; తుఫాను మూడు నాలుగు రోజుల ముందే తెలుస్తున్నది. మనుషులను ముందే తరలించవచ్చును. మూడెకరాల మిరపతోటను తరలించడం ఎలా?

మిచౌంగ్ వచ్చిన డిసెంబరుకు మా తోట నిండా పిందె, కాయ. ఇంకో ఇరవై రోజుల్లో మొదటి కోత. నల్లరేగడి ఎండితే పలుగు దిగనంత గట్టి, నెర్రెలు విచ్చి కాలు ఇరుక్కునేంత, తడిస్తే జిగురు. ఈ మట్టిలోని మాంటుమోరిల్లొనైటు అనే బంకమన్ను నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఉబ్బి రంధ్రాలన్నీ మూసుకుంటుంది. ఒకసారి నిండాక పైనీరు కిందికి దిగదు. నిలిచిన నీటిలో వేరుకు ప్రాణవాయువు అందదు. మా తోటలో నీళ్ళు మూడు రోజులు నిలిచాయి. నాలుగో రోజు ఎండ కాసింది, ఆ ఎండకు పచ్చని చెట్లు నిలబడ్డవి నిలబడ్డట్టే వాడిపోయాయి. చుట్టూ నీళ్ళుండగా చెట్టు దాహంతో చావడం బోటనీలో చదివినదే, కళ్ళతో చూడటం వేరు. ఎకరానికి కౌలు ముందే కట్టేశాం. ఆ సంవత్సరం మా చెల్లెలి ఇంటరు ఫీజు రెండు విడతలు ఆలస్యమయింది.

పత్తికి కథ ఇంకొకటి. కాయ పగిలాక ముసురు పట్టిందంటే దూది మచ్చపడుతుంది, గింజ చెట్టు మీదే మొలకెత్తుతుంది, ధర సగానికి పడుతుంది. వాన లేకపోయినా ప్రమాదమే. పొడి వాతావరణం తెల్లదోమకు ఇష్టం. 1980ల మధ్యలో తెల్లదోమ పత్తిని ఎలా తినేసిందో, మందుల అప్పులకు 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల రైతులు ఎలా ప్రాణాలు తీసుకున్నారో పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు. ఆ తరువాత మా వైపు చాలామంది శనగకు మారారు. శనగ మన శీతోష్ణస్థితికి సరిగ్గా కొలిచి కుట్టినట్టుండే పైరు. మీటరు లోతు నల్లరేగడి పదిహేను సెంటీమీటర్లకు పైగా నీటిని పైరుకు అందేటట్టు దాచుకుంటుంది. అక్టోబరు వానతో నేల నిండాక నవంబరులో జె.జి.-11 రకమో, కాక్-2 రకమో వేస్తే, తరువాత చినుకు పడకపోయినా ఆ దాచుకున్న నీటితో, పైన మంచుతో ఫిబ్రవరికి పంట చేతికొస్తుంది.

మన మంచు గురించి ఒక మాట. ఇది కురిసేది కాదు, కుదిరేది. మేఘం లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. ఆకు చుట్టూ ఉన్న గాలి చల్లారి, తేమను మోయలేని స్థితికి వచ్చినప్పుడు ఆకు మీదనే నీటిబొట్టు ఏర్పడుతుంది. శనగకు అది మేలు. కల్లంలో ఎండే మిరపకాయకు కీడు. అందుకే సాయంత్రం కాగానే కల్లాల మీద పరదాలు కప్పుతారు. కప్పకపోతే ఎర్రకాయ రంగు చెడి తాలుకాయ అవుతుంది. యార్డులో తాలుకాయ ధర వేరే. గుంటూరులో అసలు చలికాలం చూడాలంటే మే నెలలో కోల్డ్ స్టోరేజీలోకి వెళ్ళాలి, బయట నలభై రెండు డిగ్రీలుంటే లోపల హమాలీలు స్వెట్టర్లు వేసుకుని టిక్కీలు మోస్తుంటారు.

ఎండాకాలంలో కూడా పెద్దనీటి ప్రభావం కనిపిస్తుంది. రెంటచింతలకూ బాపట్లకూ తిన్నగా కొలిస్తే దూరం సుమారు 120 కిలోమీటర్లు. మే నెలలో పగటి ఉష్ణోగ్రతల సగటులో తేడా నాలుగైదు డిగ్రీలు. మధ్యాహ్నం వేళకు నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, సముద్రం నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. పడమటి వడగాలి బలంగా ఉన్న రోజున అది తీరం దాటి లోపలికి రాలేదు, ఆ రోజు బాపట్ల కూడా రెంటచింతలే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత ఆ రోజుల గురించే. ఈరీ సరస్సు గట్టున దీనికి తమ్ముడి వంటి సంగతి ఒకటి ఉంది. అక్కడ షటాక్వా అనే కౌంటీలో సరస్సును ఆనుకుని సన్నని మేర పొడవునా కాంకార్డు ద్రాక్షతోటలున్నాయి. వసంతంలో సరస్సు నీరు ఇంకా చల్లగా ఉండి గట్టును కూడా చల్లగా ఉంచుతుంది, తీగ త్వరపడి చిగురించదు, చివరి మంచుదెబ్బ తప్పించుకుంటుంది. శరత్తులో వెచ్చని నీరు చలిని ఆలస్యం చేసి కాయ పండనిస్తుంది. మంచుకు పేరుపడ్డ ఆ కౌంటీలో రైతు బతుకుతున్నది ఆ సరస్సు పుణ్యం వల్లనే. మంచును మోసుకొచ్చేదీ అదే, ద్రాక్షను కాపాడేదీ అదే.

మన నాగార్జునసాగరం కూడా సరస్సే కదా, దానివల్ల వానలు పెరిగాయా అని మా క్లాసు మిత్రుడొకడు అడిగాడు. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలినప్పటి నుంచీ పల్నాడులో మిరప, పత్తి వచ్చాయి, నిజమే. అది కాలువ పుణ్యం, మేఘం పుణ్యం కాదు. సాగరం వైశాల్యం 285 చదరపు కిలోమీటర్లు, కొండల మధ్య సన్నగా మెలికలు తిరిగి ఉంటుంది. గాలికి తేమ బాగా ఎక్కాలంటే నీటి మీద వంద కిలోమీటర్ల పరుగు కావాలి. కంభం చెరువు అంతకన్నా చాలా చిన్నది. వీటివల్ల గట్టున కొంచెం చల్లదనం ఉండవచ్చు, అంతే.

ఈరీ సరస్సు సగటు లోతు పందొమ్మిది మీటర్లే. అందువల్ల చాలా సంవత్సరాలు జనవరి, ఫిబ్రవరికి పైన గడ్డకట్టి మూతపడుతుంది. మూత పడ్డాక ఆవిరి లేదు, మంచు తగ్గిపోతుంది. గత కొన్ని దశాబ్దాలుగా ఆ మహాసరస్సుల మీద గడ్డకట్టడం తగ్గుతున్నది, మూత ఆలస్యంగా పడుతున్నది. మన బంగాళాఖాతానికి అసలు మూతే లేదు. నీరు ఒక డిగ్రీ వేడెక్కితే పైనున్న గాలి ఏడు శాతం ఎక్కువ తేమను మోయగలదు. మొత్తం వాన పెరుగుతుందో లేదో గాని, పడినప్పుడు ఒక్కసారిగా పడే అవకాశం పెరుగుతుంది. నల్లరేగడికి సరిపడనిది సరిగ్గా అదే.

ఈ లెక్కలన్నీ చెప్పాక మా నాయన అడిగింది ఒక్కటే: "అయితే ఈసారి మిరప వెయ్యాలా, శనగ వెయ్యాలా?" రెండెకరాలు శనగ, ఎకరం మిరప అనుకున్నాం. మిరపను ఎత్తు బోదెల మీద నాటాం. తూర్పు గట్టు వెంబడి రెండడుగుల లోతున మురుగు కాలువ తవ్వి వాగులో కలిపాం. పక్క చేను ఆసామితో మాట్లాడితే ఆయన కూడా తన గట్టు కింద తూము పెట్టడానికి ఒప్పుకున్నాడు. అది లేకపోతే మా కాలువ ఆయన చేలో ఆగిపోయేది. స్వాతి కార్తెలో పడిన మొదటి పెద్దవానకు నీళ్ళు సాయంత్రానికల్లా వాగులోకి దిగాయి.